శ్రీశైలము దారిలో నిలిచిన బండి

శ్రీశైలయాత్రను గూర్చి వ్రాసిన సోదరీమణులు పలువురు కలరు. మల్లికార్జునుని సన్నిధిని, భ్రమరాంబికాలయమును, పాతాళగంగ మెట్లను వర్ణించుటకు వారు నాకంటె సమర్థులు. నేను వ్రాయబోవునది దోర్నాల దాటిన పిమ్మట నల్లమల కొండలలోనున్న ఒక మలుపును గూర్చి మాత్రమే. అచ్చట గుడి లేదు, మండపము లేదు. మధ్యాహ్నము రెండున్నర గంటలకు మా బండి అచ్చట నిలిచిపోయినది.

బండి యనగా ఎస్.యు.వి. అని పిలువబడు పెద్ద కారు. పదునాలుగేండ్ల వయసు గలది. మూడేండ్ల క్రిందట ఒకరి చేతినుండి కొంటిమి. బడిపంతులుగారి ఇంటికి ఇంత బండి యేల యని మీ రడుగవచ్చును. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. చిన్న కారులో క్రుంగి కూర్చుండి లేచుట ఆమెకు కష్టము. మా వారికి చిన్ననాడు సైకిలుపైనుండి పడి విఱిగిన ఎడమకాలు క్లచ్చి తొక్కినప్పుడెల్ల పోటు పెట్టును. ఈ బండికి క్లచ్చి పెడలు లేదు. గేరులు తమంతట తామే మాఱును. ఇట్లు తల్లికిని కొడుకునకును సరిపోయినదని సంతోషించితిమి.

ప్రయాణమునకు రెండు నెలల ముందునుండియు, ఉదయమున వాకిట ముగ్గు వేయునపుడు బండి క్రింద ఎఱ్ఱని చుక్కలు నాకు కనబడుచుండెను. కుంకుమ కలిపిన నీరు చిలికినట్లుండెను. మా వారితో ఒకమాఱు చెప్పితిని. "ఏసీ నీళ్ళు కారుతుంటాయిలే" అనిరి. నీరు ఎఱ్ఱగా నుండదని నే నెఱుగుదును. వ్రేలితో ముట్టి చూచితిని, జిడ్డుగా నుండెను. అయినను రెండవమాఱు చెప్పనైతిని. బండి సంగతి మగవారిదని యూరకుంటినో, మఱల కాదనిపించుకొనుటకు అభిమానపడితినో, ఇప్పటికిని తేల్చుకొనలేకున్నాను. ఇంకొక గుఱుతు కూడ కలదు. ఉదయమున మీటను ముందునకు వేసిన పిదప బండి రెండు మూడు క్షణములు కదలక, పిమ్మట ఒక కుదుపుతో కదలుచుండెను. "ముసలివాళ్ళు లేవగానే నడుస్తారా?" అని మా వారు నవ్వుచుండిరి.

గత మార్గశిరమాసమున అత్తగారు, మా వారు, నేను, పదవ తరగతి చదువు మా అమ్మాయి నరసరావుపేటనుండి బయలుదేరితిమి. అత్తగారి కోరిక శిఖరదర్శనము. శిఖరేశ్వరమున నందిని నువ్వులతో త్రిప్పి, కొమ్ముల నడుమనుండి ఆలయశిఖరమును చూడవలెనని, నువ్వులు చెఱిగి చిన్న మూటగట్టి కొంగున ముడివేసికొనిరి. వినుకొండ దాటితిమి, జాషువాకవి 1895లో జన్మించిన యూరు గదా యని అమ్మాయికి చూపితిని. శ్రీశైలమునకు తూర్పు ద్వారమని చెప్పబడు త్రిపురాంతకమున భోజనములు చేసితిమి. దోర్నాలనుండి శ్రీశైలము సుమారు 50 కిలోమీటర్లు. పులుల రక్షితారణ్యమగుటచే రాత్రి 9 గంటలకు మూసిన గేట్లను ఉదయము 6 గంటలకు గాని తెఱువరు.

ఎక్కుడు మొదలైన కొంతసేపటికి ఇంజను గట్టిగా అఱవసాగెను గాని బండి వేగము పెరుగలేదు. గిలక జారినప్పుడు చేద క్రిందికి పోవుచుండ మన చేతులు ఊరక త్రాడు లాగునట్లుండెను. మాడిన వాసన వచ్చెను. అత్తగారు "ఎక్కడో పులుసు అడుగంటుతోందే" అనిరి. పసుపుపచ్చని దీప మొకటి వెలిగెను. పిదప ఎంత తొక్కినను ఒకే గేరున ఈడ్చుకొనుచు సాగి, ఒక మలుపున బొత్తిగా ఆగిపోయెను. మా వారు హ్యాండుబ్రేకు వేసిరి, నేను దిగి చక్రముల వెనుక రాళ్ళు పెట్టితిని. చుట్టును కోతులు. సెల్‌ఫోనులో సిగ్నలు లేదు.

అరగంట చల్లారిన పిమ్మట మీట వేయగా బండి పది బారలు కదలి మఱల నిలిచెను. అప్పుడు ఒక జీపువారు ఆగి, మా అవస్థ చూచి, త్రాడు కట్టి దోర్నాలవఱకు లాగుదుమనిరి. మంచివారు. మా వారు త్రాడు అందుకొనిరి.

ఇచ్చట నాగుణ మొకటి చెప్పవలెను. మా తాతగారివద్ద భారతము చదువునపుడు ఫలశ్రుతివఱకు చదువనిదే పుస్తకము మూయరాదని నియమము. ఆ యలవాటుచే, బండితో వచ్చిన ఇంగ్లీషు పుస్తకమును వేసవి సెలవులలో అమ్మాయిచేత చదివించి తెలుగున చెప్పించుకొంటిని. అందొక మాట జ్ఞప్తికి వచ్చెను. పరాయివారి యెదుట మా వారి మాటకు అడ్డుపడుట నాకు క్రొత్త. నోరు తడియారెను.

"ఏమండీ, వద్దు. నాలుగు చక్రాలూ నేలమీద ఉండగా లాగకూడదని పుస్తకంలో ఉంది" అంటిని.

"న్యూట్రల్లో పెడితే ఏమవుతుందమ్మా?" అని జీపు నడుపునతడు నవ్వెను.

"లోపల నూనె తిప్పే పంపు ఇంజను నడిస్తేనే నడుస్తుంది. ఇంజను ఆగి చక్రాలు తిరిగితే చక్రాలతోపాటు లోపలివీ తిరుగుతాయి, వాటికి నూనె అందదు" అంటిని. అమ్మాయి నావంక తేఱిపాఱ చూచెను. మా వారు కొంతసేపు మాటాడలేదు. పిదప త్రాడు చుట్టి జీపులో పెట్టి, "దోర్నాలలో బండిని మొత్తంగా ఎక్కించుకొనే లారీ ఎవరికైనా ఉంటే పంపండి" అని వేడిరి.

నాలుగు గంటలకు శ్రీశైలము పోవు ఆర్.టి.సి. బస్సు వచ్చెను. వృద్ధురాలిని అడవిలో చీకటిపడువఱకు ఉంచరాదని మమ్ము మువ్వురను ఎక్కించి, మా వారొక్కరే బండివద్ద నిలిచిరి. బస్సు శిఖరేశ్వరమున ఆగలేదు. అత్తగారు కిటికీనుండి తొంగిచూచిరి గాని దుకాణములును చెట్లును తప్ప ఏమియు కనబడలేదు. ఆమె ఏమియు అనలేదు. కొంగుముడిని చేత పట్టుకొని కూర్చుండిరి. సత్రమున చేరి ఎనిమిది గంటలవఱకు ఫోను చేతనుంచుకొని కూర్చుంటిని. గేట్లు మూయు వేళ దగ్గఱపడుచున్నకొలది నా గుండె నా వశమున లేదు. ఎనిమిదిన్నరకు దోర్నాలనుండి మా వారి గొంతు వినబడెను. బండి లారీపై దిగినది.

గుంటూరులో ఒక పెద్ద వర్క్‌షాపువారు గేరుబాక్సు మొత్తము క్రొత్తది వేయవలెనని, మేము బండి కొన్న వెలలో సగమునకు చేరు లెక్క చెప్పిరి. బండిని తుక్కునకు అమ్ముదమా యనుకొంటిమి. ఊరి చివర షెడ్డులోని ఒక ముసలి మెకానిక్కు మాత్రము, "విప్పి చూడకుండా ఎట్లా చెబుతామమ్మా?" అని మా యెదుటనే అడుగుపళ్ళెము విప్పెను. ఎఱ్ఱగా నుండవలసిన నూనె కాటుక కలిపినట్లు నల్లనై, కమఱువాసన కొట్టుచుండెను. పళ్ళెములోని అయస్కాంతమునకు సన్నని ఇనుపపొడి బూడిదవలె పట్టియుండెను.

అతడు చెప్పినది నాకు బోధపడినంత వ్రాయుదును. క్లచ్చి పెడలు లేని ఈ బండిలో ఇంజనునకును గేరులకును నడుమ నూనె నిండిన గుండ్రని పెట్టె యున్నది. ఒక కవ్వము త్రిప్పగా మజ్జిగ తిరిగి, ఆ మజ్జిగ వేగమునకు ఎదుటనున్న రెండవ కవ్వము తిరుగునట్లు, ఇంజను బలము నూనెద్వారా గేరులను చేరును. ఆ నూనెయే ఒత్తిడితో లోపలి క్లచ్చి బిళ్ళలను అదిమి గేరు మార్చును. వేడిని మోసికొనిపోయి రేడియేటరువద్ద చల్లార్చుకొని వచ్చును. ఇది క్రొత్త వింత కాదు. 1940 మోడలు ఓల్డ్స్‌మొబైల్ కార్లలోనే అమెరికావారు ఇట్టి నూనెతో నడుచు గేరుబాక్సును పెట్టిరి. నూనె తగ్గినచో పంపు గాలిని పీల్చును, ఒత్తిడి పడిపోవును, బిళ్ళలు జారును. జారినకొలది వేడి, వేడెక్కినకొలది నూనె మాడుట. సమతలమున ఎట్లో నెట్టుకొనివచ్చిన బండి కొండ యెక్కుడున బయటపడినది.

మూలకారణము రేడియేటరునకు పోవు జానెడు రబ్బరుగొట్టము. ఎండి బీటవాఱినది. నా ముగ్గుపై పడిన చుక్కలు దానివే.

"ఈ నూనె జీవితాంతం మార్చనక్కఱలేదని అమ్మినాయన చెప్పాడు" అని మా వారనగా, మెకానిక్కు "ఎవరి జీవితం సార్?" అనెను. కాలము ముగియకమున్నే మార్చవలెనట. అదియు బండి పుస్తకములో చెప్పిన రకమే గాని చేతికి దొరికినది కాదు. మా బండివంటి డిప్‌స్టిక్కు గలవానిలో, వేడెక్కిన పిమ్మట సమముగా నిలిపి, ఇంజను నడుచుచుండగనే చూడవలెను. కొండదారిలో దిగునపుడు తక్కువ గేరున దిగవలెను. ఎక్కుడున ఆగినపుడు బ్రేకుపై నిలుపవలెను గాని యాక్సిలరేటరు త్రొక్కి పట్టరాదు. మాడువాసన వచ్చినచో చివరివఱకు పోవుదమని తెగింపక అచ్చటనే ఆగవలెను.

క్లచ్చి బిళ్ళలు మార్చవలసివచ్చెను. పళ్ళచక్రములు చెడలేదు. "తాడుతో ఈడ్చుకొని వస్తే ఇవీ పోయేవి, ఎవరాపారో గానీ" అని మెకానిక్కు అనెను. మా వారు నావైపు చూపిరి. అమ్మాయి గాజులకై దాచిన సొమ్ము ఖర్చైనది; బండి ఇంటికి వచ్చినది.

ఆ మఱునాటి ఉదయమున నేను ముగ్గుగిన్నెతో వాకిటికి పోవుసరికి మా వారు టార్చిలైటు పట్టుకొని బండి క్రింద వంగియుండిరి. "చుక్క లేదు" అనిరి. నేనును వంగి చూచితిని. లేదు.

నువ్వులమూట అత్తగారి పెట్టెలో అట్లే యున్నది. పురుగు పట్టకుండ నిన్న మఱల ఎండబెట్టి కట్టిరి. మాఘమాసమున పోవుదమని మా వారు చెప్పియున్నారు.