నావ బ్యాటరీ – ఒక సన్నని తీగ

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు యంత్రనావల వేటకు నిషేధం. ఆ 61 దినాలూ విశాఖపట్నం చేపలరేవులో మరమ్మతుల కాలం. భౌతికశాస్త్ర విద్యార్థులమైన మేము నలుగురం 2024 నిషేధకాలంలో అక్కడ ఒక నావ ఇంజను గదిలో కొన్నాళ్ళు గడిపాము. ఆ నావలో బ్యాటరీలు ఏడాదైనా నిలవడం లేదు.

"బ్యాటరీ పడుకుంటే వైర్‌లెస్ పలకదు, దీపం వెలగదు. రాత్రిపూట పెద్ద ఓడకి మేం కనపడం బాబూ" అన్నాడు సరంగు. (సరంగు అన్న మాట పారశీకంలోని 'సర్‌హంగ్' నుంచి వచ్చినదే. సేనానాయకుడని అర్థం. మా సరంగుకు ఆ బిరుదు తగినదే!)

ఆల్టర్నేటరు రోటరు చుట్టకు పోయే విద్యుత్తును హెచ్చిస్తూ, తగ్గిస్తూ వోల్టేజిని అదుపులో ఉంచేది రెగ్యులేటరు. 12 వోల్టుల సీసపు బ్యాటరీ పూర్తిగా నిండాలంటే సుమారు 14.4 వోల్టులు కావాలి. నిండిన పిదప 13.5 ప్రాంతానికి దిగాలి. ఆ నావలో ఉన్నది లారీల రెగ్యులేటరు. దానికి తెలిసినది ఒక్కటే మెట్టు. లారీ బ్యాటరీ ఇంజనును కదిలించడానికి క్షణకాలం శ్రమిస్తుంది. నావ బ్యాటరీ రాత్రంతా దీపాలను మోస్తుంది. రెంటికీ ఒకే ఆహారం చాలదు గదా.

కొలిచి చూశాము. ఆల్టర్నేటరు వద్ద 14.2 వోల్టులు, బ్యాటరీ ధ్రువాల వద్ద 13.4. రెండు బ్యాటరీలను వేరుపరచే డయోడులోనే సుమారు 0.7 వోల్టు హరించుకుపోతున్నది, మిగిలినది తీగలలో. రెగ్యులేటరు తన చెంతనున్న వోల్టేజిని చూసి తృప్తి పడుతున్నది, బ్యాటరీ అర్ధాకలితో ఉన్నది, దాని పలకలపై సల్ఫేటు గట్టిపడుతున్నది. పొట్టి తీగలతో ప్రయోగాలు చేసే మాకు ఈ తేడా కొత్త.

మెట్లు మార్చగల రెగ్యులేటరును అమర్చి, దాని కొలత తీగను సూటిగా దీపాల బ్యాటరీ ధ్రువానికే కలిపాము. ఇంజను తిరుగుతుండగా బ్యాటరీ తీగ విప్పితే ఆల్టర్నేటరులోని డయోడులు కాలిపోతాయి కనుక ఈ పనంతా ఇంజను ఆపిన మీదటనే.

అసలు వాదం అప్పుడు మొదలయింది. "15 పెట్టండి బాబూ, బేగి నిండుతుంది" అన్నాడు సరంగు. ఆయన ఆత్రం న్యాయమైనదే. కాని ఆ గదిలో వేడి 45 డిగ్రీలు. 25 డిగ్రీలకు పైన ప్రతి డిగ్రీకి, ఒక్కొక్క ఘటానికి సుమారు 5 మిల్లీవోల్టులు తగ్గించాలి. 6 ఘటాలకు, 20 డిగ్రీలకు లెక్కిస్తే 0.6 వోల్టు. అంటే అక్కడ 14.4 కాదు, 13.8 చాలు. అంతకు మించితే నీరు హైడ్రోజను, ఆక్సిజనులుగా విడిపోతుంది; గాలిలో హైడ్రోజను 4 శాతం చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. ఈ మాటతో ఆయన బీడీ ఆర్పివేశాడు.

"మరి చలికాలంలోనో?" అని అడిగాడు. బ్యాటరీకి అంటించిన ఉష్ణమాపకాన్ని చూపాము. చల్లబడితే వోల్టేజిని అదే పెంచుతుంది.

కొలత తీగ తెగితే కొన్ని రెగ్యులేటర్లు బ్యాటరీ వట్టిపోయినదని భ్రమించి మితిమీరి పోస్తాయి. అది విని, చుక్కాని దగ్గర ఒక వోల్టుమీటరు ఉండాలన్నాడు సరంగు. బిగించి, దాని ముఖంపై 15 వద్ద ఎర్రగీత గీసి ఇచ్చాము.