చలికాలం ఆటల పీరియడ్

మా ఆదిలాబాద్‌లో డిసెంబరొస్తే పొద్దున బడివేళకి కూడా చలి వదలదు. ఆ చలిలోనే మొదటి పీరియడ్ ఆటలు! నాలుగో తరగతి చదివే మా చిన్నదానికి ఉబ్బసం. పరుగెత్తితే పిల్లికూతలే. "ఆటలు మాన్పించు" అంది అత్తమ్మ. డాక్టరుగారు మాత్రం వద్దన్నారు. చల్లని పొడిగాలికి శ్వాసనాళాలు బిగుసుకుంటాయట. ఆటకి 15 నిమిషాల ముందు ఆయన రాసిచ్చిన ఇన్‌హేలరు, ఆ తర్వాత కాసేపు మెల్లగా నడక, అప్పుడే పరుగు. ఇదే చీటీ మీద రాసి పీటీ సార్‌కిచ్చాను. ఆయన పీరియడ్‌నే మధ్యాహ్నం ఎండకి మార్పించారు. (స్వెట్టరు చెమట పట్టకముందే విప్పించాలి సుమండీ, తడిస్తే ఇంకా చలి.) నిన్న ఖోఖోలో వరుసగా కూర్చున్న 8 మందిలో ఇదీ ఒకతె. అత్తమ్మ గేటు దగ్గర శాలువా పట్టుకుని చూస్తూనే ఉంది.