బండి కొనేముందు ఛాసిస్ నంబర్ చదవండి

పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి. ఇంట్లో ఎవరైనా సెకండ్ హ్యాండ్ బండి కొనాలనుకుంటే పనికొస్తుంది.

మాది పాడేరు ఏజెన్సీలో చిన్న ఊరు. మా ఇంట్లో కాలేజీ గుమ్మం తొక్కింది నేనే మొదట. మొన్న సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్తే నాన్న, చిన్నాన్న కలిసి బొలెరో కొంటున్నామన్నారు. సంత రోజుల్లో సర్వీసు తిప్పుదామని. రెండేళ్ళ కాఫీ, మిరియాల డబ్బులు, పైన కొంత అప్పు. బ్రోకరు 2017 మోడల్ అన్నాడట. 20 వేలు అడ్వాన్సు అప్పటికే ఇచ్చేశారు.

హాస్టల్లో నా రూమ్మేటు ఆటోమొబైల్ డిప్లొమా చేసొచ్చినవాడు. ఫోన్ చేస్తే "ముందు ఛాసిస్ నంబర్ చూడరా" అన్నాడు. వాడు చెప్పింది ఇది.

ఛాసిస్ నంబర్లో అక్షరాలు, అంకెలు కలిపి 17 ఉంటాయి. మొదటి మూడూ కంపెనీవి. ఎమ్ఏ1 అంటే మహీంద్రా, ఎమ్ఏ3 మారుతి, ఎమ్ఏటి టాటా. నాలుగు నుంచి తొమ్మిది వరకు బండి రకం, ఇంజన్ లాంటి వివరాలు. చాలా కంపెనీలకి పదోది సంవత్సరం. ఏ అంటే 2010, బి 2011, అలా హెచ్ 2017. ఐ, ఓ, క్యూ అసలు వాడరు. అందుకే హెచ్ తర్వాత జె 2018. గుండ్రంగా కనిపిస్తే అది సున్నానే. చివరి అంకెలు ఆ ఒక్క బండి వరస నంబరు.

మర్నాడు నేనూ వెళ్ళాను. ఆర్సీలో పదో అక్షరం హెచ్. సరిపోయింది. కానీ బండి మీద కూడా చూడాలి కదా. ముందు టైరు పక్కన ఫ్రేమ్ మీద మట్టి, గ్రీజు కిరసనాయిలు గుడ్డతో తుడిచి, కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దాను. పదో అక్షరం డి. అంటే 2013. చివరి అంకెలూ వేరే. ఆర్సీ ఒక బండిది, ఎదురుగా ఉన్నది ఇంకో బండి.

"పిల్లాడికేం తెలుసు, అది కంపెనీ కోడు" అని బ్రోకరు నవ్వాడు. నాకు చేతులు వణికాయి. తప్పు చదివానేమో అని మళ్ళీ రుద్దాను. అదే వచ్చింది. ఇంగ్లీషు కాగితం చూపిస్తే ఎక్కడంటే అక్కడ సంతకం పెట్టే మా నాన్న, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి ఒక్కో అక్షరం వేలితో పోల్చుకున్నాడు. "బొమ్మ వేరుగా ఉంది కదా. బండొద్దు" అన్నాడు.

అడ్వాన్సులో 15 వేలే తిరిగొచ్చాయి. 5 వేలు పోయాయి. అయినా కొనుంటే రేపు చెక్‌పోస్టులో బండి పట్టుకుంటే దొంగబండి కేసు మా నాన్న మీదే పడేది.

కాబట్టి జిరాక్స్ కాదు, అసలు ఆర్సీ అడగండి. ఫ్రేమ్ మీద నంబర్ మీరే పెన్సిల్‌తో తీసి 17 అక్షరాలూ పోల్చండి. నంబర్ చుట్టూ గీకినట్టు, వెల్డింగ్ చేసినట్టు ఉంటే వదిలేయండి. కంపెనీని బట్టి సంవత్సరం అక్షరం మారొచ్చు, అందుకని ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబర్ కొట్టి వివరాలు కూడా చూసుకోండి. ఇవన్నీ అయ్యాకే అడ్వాన్సు.

ఇంగ్లీషు రాకపోయినా పర్వాలేదు. మా నాన్నలాగా బొమ్మలు పోల్చుకున్నా చాలు. మీ ఊళ్ళో పెద్దవాళ్ళకి చెప్పండి. జోహార్.