కిల్టు కొలతలూ, ప్యాంటు సైజులూ

కిల్టు కుట్టించుకోవాలనుకున్న ప్రతివాడూ మొదట చెప్పేది "నా సైజు 34" అని. అది కొలత కాదండీ, ప్యాంటు మీది లేబులు. అదే ప్యాంటుకి టేపు పెట్టి చూడండి, 36 తేలినా ఆశ్చర్యం లేదు. పైగా మన జీన్సులు ఆగేది బొడ్డు కింద, తుంటి దగ్గర. కిల్టు కట్టేది బొడ్డు మట్టంలో, కొంచెం పైనే.

మా టీములో ఓ కుర్రాడి పెళ్ళి కుదిరింది. అమ్మాయిది ఎడిన్‌బరో, పెళ్ళీ అక్కడే. కాకినాడలో ఉన్న వాళ్ళ నాన్నగారికి కూడా కిల్టు కుట్టించాలని వీడి సరదా. కొలతలేమో ఫోన్లో!

కావాల్సినవి మూడే. నడుము, పిరుదులు బాగా ఎత్తుగా ఉన్నచోట చుట్టుకొలత, నడుము నుంచి మోకాలి చిప్ప దాకా పొడవు. వినడానికి ఇంతే. కానీ సంప్రదాయ పద్ధతిలో కుట్టే కిల్టుకి 8 గజాల దాకా గుడ్డ పడుతుంది, అందులో ఎక్కువ భాగం వెనక కుచ్చిళ్ళలోకే పోతుంది. నడుము దగ్గర సన్నగా, పిరుదుల దగ్గర వెడల్పుగా వచ్చేలా వాటిని కుట్టేస్తారు. 26 కుచ్చిళ్ళుంటే, ఒక్కోదానికి మిల్లీమీటరు తేడా వచ్చినా మొత్తం మీద అంగుళం గోవిందా. పొడవైతే మరీ మొండిది. కింద మడత ఉండదు, నేతంచే కిల్టు అంచు. పొట్టిదైతే విప్పి పెంచడానికి ఏమీ మిగలదన్నమాట. ఎవరి కొలత వాళ్ళు తీసుకోవద్దనేది కూడా ఇందుకే. టేపు చూద్దామని వంగగానే నడుమూ మారుతుంది, పొడవూ మారుతుంది.

వాళ్ళమ్మగారు టేపు పట్టుకున్నారు. మొదటిసారి నడుము 38, రెండోసారి 41. విషయం అర్థమైందిగా, టేపు చూడగానే ఆయన పొట్ట లోపలికి పోతోంది :) "38 ఇచ్చేద్దాం అన్నా, నాన్న నొచ్చుకుంటారు" అన్నాడు వీడు. పక్కనుండే పట్టీలు, బకిల్సు ఒకటి రెండంగుళాలు సర్దగలవు గానీ మూడు కష్టం. పెళ్ళిరోజు పొద్దున అది బిగుసుకోకపోతే అంతకంటే ఎక్కువ నొచ్చుకుంటారు కదా!

నేనే మాట్లాడాను. "అంకుల్, రోజూ పంచె ఎక్కడ కడతారో అక్కడ కట్టుకుని, భోంచేశాక కొలిపించుకోండి" అన్నాను. పంచె కట్టినవాడు పొట్ట బిగబట్టడు, అది నా నమ్మకం. గంట తర్వాత ఆయనే ఫోన్ చేసి "41న్నర రాసుకో బాబూ" అన్నారు, ఏమాత్రం మొహమాటం లేకుండా.

అదే రాసి పంపించాం, అంగుళాల్లో అని పక్కన స్పష్టంగా చెప్పి.