చిన్నాయన లేని గ్రూపు

మొన్నామధ్య మా కుటుంబంలో ఒక చిన్న గూడుపుఠాణి జరిగింది. చేసింది ఎవరో కాదు, నేనే. మంచి ఉద్దేశంతోనే చేశాననుకోండి. మంచి ఉద్దేశాలతో చేసిన పనులన్నీ మంచిగా ముగిస్తే ఇక ఇది రాయాల్సిన పనే ఉండేది కాదు :-)

ముందు మా వాళ్ళ గురించి చెప్పాలి. మా నాయన వాళ్ళు ముగ్గురు అన్నదమ్ములు, ఒక చెల్లెలు. అందరూ చిత్తూరులో పుట్టి పెరిగినవాళ్ళే. ఇప్పుడు నాయన, అవ్వ చిత్తూరులో, చిన్నాయన తిరుపతిలో ఉన్నారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు "అన్నదమ్ముల్ని గవర్నమెంటే వేరు కాపురం పెట్టించింది" అని చిన్నాయన తెగ నవ్వాడు. నేను బెంగళూరులో కంప్యూటర్ ముందు కూర్చుని ఉంటాను. పెదనాయన కొడుకు, అంటే మా అన్న, డల్లాస్‌లో ఉంటాడు. వదినకు నెలలు నిండుతున్నాయని పెదనాయన, పెద్దమ్మ ఆరు నెలలకని అక్కడికి వెళ్ళారు.

మా అందరికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. 41 మంది. అడ్మిన్ నేనే (ఇంట్లో ఒక సాఫ్ట్‌వేర్ వాడుంటే ప్రింటర్ పని చేయకపోయినా వాడే, గ్రూపు నడపాలన్నా వాడే). అందులో వచ్చేవి మూడే రకాలు. ఒకటి, ఎవరెవరు ఎక్కడికెళ్ళారో ఫోటోలు: అత్త ప్రతి పౌర్ణమికీ తిరువణ్ణామలై గిరి ప్రదక్షిణకు పోతుంది, 14 కిలోమీటర్లలో కనీసం 14 ఫోటోలు పెడుతుంది. రెండు, ఎవరెవరు ఏ సేవకు వెళ్ళారో. మూడు, ఎవరికి ఎవరు పుట్టారో. పొద్దున్నే వచ్చే పువ్వుల గుడ్ మార్నింగులను లెక్కలోకి తీసుకోవడం లేదు.

అసలు విషయానికొస్తే, చిన్నాయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి పోయినేడు రిటైరయ్యాడు. రిటైరయ్యాక ఇద్దరూ కలిసి తిరుమలలో శ్రీవారి సేవకు వెళ్ళాలని పిన్ని కోరిక. 2000లో టిటిడి వాళ్ళు మొదలుపెట్టిన స్వచ్ఛంద సేవ అది. ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో జట్లు జట్లుగా వస్తారు, క్యూలైన్ల దగ్గరా, అన్నప్రసాదం దగ్గరా, ఇంకా చాలా చోట్లా జీతం భత్యం లేకుండా పనిచేస్తారు. తిరుపతిలో ఉన్నవాళ్ళకు కొండ ఎప్పుడూ కళ్ళ ముందే ఉంటుంది కాబట్టి "ఎప్పుడైనా పోవచ్చులే" అనుకుంటారు. అలా అనుకుంటూనే పిన్ని రెండేళ్ళ క్రితం పోయింది. ఈ వేసవిలో చిన్నాయన తెలిసిన వాళ్ళ జట్టులో పేరు ఇచ్చుకుని, ఒక్కడే వెళ్ళాడు. వారం రోజులు. సోమవారం చేరాడు. మెడలో స్కార్ఫుతో ఫోటో పెట్టాడు. 41 మందిలో ముప్పై మంది దండం పెట్టారు.

గురువారం తెల్లవారుజామున రెండుంబావుకి డల్లాస్‌లో పాప పుట్టింది. అక్కడ బుధవారం మధ్యాహ్నం. పెదనాయన గ్రూపులో పెట్టలేదు, నాయనకు ఫోన్ చేశాడు. ఐదు గంటలకు నాయన నాకు ఫోన్ చేశాడు.

"పాప పుట్టిందిరా. గ్రూపులో మాత్రం ఎవురూ పెట్టొద్దు. చిన్నాయన కొండ మీద ఉండాడు కదా."

నాకు అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. పురుడు! ఒకే వంశంలో బిడ్డ పుడితే జ్ఞాతులందరికీ పురుడు అంటు. మా ఇంట్లో పది రోజులు పడతారు. ఆ రోజుల్లో గుడికి పోరు, దీపం పెట్టరు. చిన్నాయనకు తెలిస్తే సేవ మధ్యలో వదిలేసి కొండ దిగాలి. తెలియకపోతే? ఇక్కడే మా నాయన లాయరు బుర్ర పనిచేసింది. వినేదాకా అంటు లేదు. ఇది మా నాయన సొంత కవిత్వం కాదండోయ్, ధర్మశాస్త్రాల్లోనూ ఉంది: దూరాన ఉన్నవాడికి కబురు పది రోజుల లోపల అందితే మిగిలిన రోజులే పట్టాలి. అంటే ఆదివారం దాకా చెప్పకపోతే చిన్నాయన సేవకు అడ్డం లేదు, శాస్త్రానికీ అడ్డం లేదు.

వినగానే నాకు భలే నచ్చింది. వెంటనే కొత్త గ్రూపు పెట్టాను. 40 మంది. చిన్నాయన ఒక్కడే లేడు. పాప ఫోటోలు, అచ్చం అవ్వ ముక్కే అని ఒకరు, కాదు వదిన వాళ్ళమ్మ ముక్కని ఒకరు, పేర్ల మీద ఓటింగు... పొద్దున తొమ్మిదికల్లా రెండొందల మెసేజీలు. పాత గ్రూపులో మాత్రం నిశ్శబ్దం. గుడ్ మార్నింగు పువ్వులు కూడా లేవు. అది ఒకటే చాలు అనుమానం రావడానికి, కానీ నాకు అప్పుడు తట్టలేదు.

పదకొండు గంటలకు అత్త, ఆ రోజు పౌర్ణమి కాబట్టి తిరువణ్ణామలై పోతూ, వేలూరు దాటినాక బస్సులో కూర్చుని, పాప ఫోటోని పాత గ్రూపులో పెట్టేసింది. (అత్త మెట్టినింటి గోత్రం వేరు కాబట్టి ఆమెకు ఈ పట్టింపు లేదు.) పాపం, ఆమెకు రెండు గ్రూపులూ ఒకటే. నేను ఒక్క నిమిషంలో చూశాను. అడ్మిన్‌ని కదా, తీసేశాను. హమ్మయ్య అనుకున్నాను.

తీసేస్తే ఏమవుతుందో సాఫ్ట్‌వేర్ వాణ్ణి నాకు తెలియదా? ఫలానా అడ్మిన్ ఈ మెసేజిని తొలగించాడు అని నా పేరుతో సహా ఒక గీత మిగులుతుంది. ఆ గీతే చిన్నాయన మధ్యాహ్నం అన్నప్రసాదం డ్యూటీ దిగి గదికొచ్చి చూసుకున్నాడు.

నాయనకు మూడు సార్లు ఫోన్ చేశాడంట. నోరు జారతానేమోనని నాయన ఎత్తలేదు. నాకు రెండు సార్లు చేశాడు. నేను మీటింగులో ఉన్నాను. మూడోసారి ఎత్తితే, హలో కూడా లేదు.

"అబ్బయా, అవ్వ ఎట్లుండాది?"

"బాగుంది చిన్నాయనా, ఏమైంది?"

"నిజం చెప్పురా. నేను దిగి వచ్చేస్తా. ఏం తీసేసినావు దాంట్లో?"

గొంతు వణుకుతోంది. అప్పుడు తెలిసింది నేనేం చేశానో. ఎవరూ ఫోన్ ఎత్తరు, గ్రూపులో ఎవరూ మాట్లాడరు, పెట్టిన మెసేజిని ఎవరో తీసేశారు. ఏ ఇంట్లోనైనా వీటికి ఒకటే అర్థం. ముక్కాలు గంట సేపు ఆయన మా అవ్వ పోయిందనే అనుకున్నాడు. ఎనభై నాలుగేళ్ళ అవ్వ ఆ టైములో చిత్తూరులో పాప ఫోటో చూసుకుని మురిసిపోతూ ఉంది.

ఇక దాచలేకపోయాను. "అన్నకు పాప పుట్టింది చిన్నాయనా" అన్నాను.

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత నవ్వాడు. ఏడ్చాడో కూడా, ఫోన్‌లో సరిగ్గా తెలియలేదు. బరువెంత, వదిన ఎట్లుంది అని అడిగాడు. ఆ తర్వాత అడిగాడు, "ఎప్పుడు పుట్టింది?" చెప్పాను. "అందరికీ తెలుసా?" తెలుసన్నాను. మళ్ళీ కాసేపు నిశ్శబ్దం.

సాయంత్రం జట్టు లీడరుకి చెప్పి కొండ దిగేశాడు. నాలుగు రోజుల సేవ, అందులో నాలుగో రోజు సగమే. ఆ శనివారం నేను తిరుపతి వెళ్ళాను, క్షమించమని అడుగుదామని. సేవ పోయినందుకు బాధపడుతుంటాడనుకున్నాను. ఆయన బాధ అది కాదు.

"సేవకు మళ్ళా పోతాలేరా, కొండ యాడికి పోతాది? మీ పిన్ని పోయినప్పుడు మీరందరూ పది దినాలు నాతో పాటు మైల పట్టినారు. నువ్వు బెంగళూరులో గడ్డం కూడా గీసుకోలేదంట, మీ నాయన చెప్పినాడు. నా ఇంటి చావు మీ అందరిదీ అయింది. మరి మనింట్లో బిడ్డ పుడితే నేనొక్కణ్ణే ఎట్ల కానివాణ్ణయితినిరా?"

నా దగ్గర జవాబు లేదు.

అప్పటి నుంచి దీని గురించే ఆలోచిస్తున్నాను. నిజం చెప్పాలంటే నాకు అంటూ మైలా మీద నమ్మకం లేదు. అంటు అనే మాట అడ్డం పెట్టుకుని ఈ దేశంలో మనుషుల్ని ఎంత దూరం పెట్టారో తెలిసి కూడా దాన్ని సమర్థించడం నా వల్ల కాదు. పురిటి పేరుతో బాలింతని ఒక మూల గదిలో కూర్చోబెట్టడం కూడా నాకు నచ్చదు. పిన్ని పోయినప్పుడు గడ్డం గీసుకోకపోవడం కూడా నమ్మకంతో కాదు, చిన్నాయన కోసం.

కానీ చిన్నాయన మాటలో నేనెప్పుడూ చూడని సంగతి ఒకటుంది. కొండ దిగాల్సి రావడం మాకు నష్టంగా కనబడింది. ఆయనకు అది ఆ బిడ్డ తన బిడ్డ కూడా అనడానికి గుర్తు. పక్కింట్లో బిడ్డ పుడితే ఆయన కొండ దిగక్కర్లేదు కదా! ఆయనకు నష్టం కలగకూడదని మేం చేసిన పని, ఆయన్ని పక్కింటివాడిగా మార్చింది.

గ్రూపులో కబురు రావడానికీ కబురు అందడానికీ తేడా ఉందేమో అనిపిస్తోంది. అవ్వ ట్రంకు పెట్టెలో పాత కార్డులు, ఇన్‌లాండ్ లెటర్లు ఉన్నాయి. నాలుగు మూలలా పసుపు రాసిన కార్డులు: ఎవరికో కొడుకు, ఎవరికో కూతురు, ఎవరికో పెళ్ళి. అన్నీ ఉభయ కుశలోపరి అని మొదలవుతాయి. అంటే ఇక్కడ మేం బాగున్నాం, అక్కడ మీరూ బాగున్నారని తలుస్తున్నాం, ఆ పైన చెప్పేదేమిటంటే అని. ముందు అవతలివాడి సంగతి, తర్వాతే కబురు. అన్నీ శుభవార్తలే ఉన్నాయేమిటని అవ్వని అడిగితే, చావు కబురు కార్డు చదవగానే చించి పారేసేవాళ్ళం, ఇంట్లో పెట్టుకోకూడదు అంది. అంటే డిలీట్ చేయడం అప్పుడూ ఉంది! కాకపోతే అప్పుడు కార్డు అందినవాడు చదివి చించేవాడు. నేను ఆయన చదవకముందే చించేశాను.

మా గ్రూపులో ఇప్పటికీ ప్రయాణాలూ సేవలూ పుట్టుకలూ తప్ప ఇంకేం రావు. ఉద్యోగం పోయిన తమ్ముడు ఒకడున్నాడు, నాలుగు నెలల తర్వాత వేరేవాళ్ళ ద్వారా తెలిసింది. వాడి విషయంలో కూడా అందరం "వాడికి ఇబ్బందిగా ఉంటుంది" అనే ఊరుకున్నాం. ఎదుటివాడికి ఏది ఇబ్బందో మనమే తేల్చేసి, వాణ్ణి అడగకుండా మౌనంగా ఉండడం మాకు బాగా అలవాటైపోయింది. మొన్న వాడికి ఫోన్ చేశాను. గంటన్నర మాట్లాడాడు.

పదకొండో రోజు డల్లాస్‌లో పాపకు పేరు పెట్టారు. వీడియో కాల్‌లో చిన్నాయన స్నానం చేసి, కొత్త పంచె కట్టుకుని, అందరికంటే ముందు వచ్చి కూర్చున్నాడు. ఆయన చేతే పాప చెవిలో, అదే ఫోన్ దగ్గర పెట్టి, పేరు చెప్పించారు. పాప నిద్రలో మూతి విరిచింది. రెండో గ్రూపుని ఆ రాత్రే తీసేశాను. శ్రీవారి సేవకు మళ్ళీ పేరు ఇచ్చుకున్నాడంట, ఈసారి జట్టులో ఇంకొకరికి చోటుంటే నన్ను కూడా రమ్మంటున్నాడు. సెలవు దొరుకుతుందో లేదో చూడాలి.

మీ ఇళ్ళల్లో ఎట్లా మరి? మీ వాళ్ళ మంచి కోసం మీరు దాచిన కబుర్లు ఏమైనా ఉన్నాయా? ఉంటే ఒకసారి ఆలోచించండి.