కుక్కిమంచం - కుక్కమంచం

కుక్కకి పక్క వెతకడం కోసం వూరు ప్రయాణం కట్టినవాడు నాకు ముందు పల్నాడులో యెవరైనా వుంటే ఆయనకు నా నమస్కారం. పోయిన మాఘమాసంలో నేను బొల్లాపల్లి వెళ్ళింది సరిగ్గా అందుకే. నలుగురికీ మాత్రం వేరే చెప్పాను. మా మేనమామగారు మిరపకాయలు కోయించి కల్లంలో పోయించారు, చూసి రావాలి అన్నాను. తరగతిలో ప్రబంధాలు చెప్పే మనిషి కుక్క మంచం కోసం సెలవు పెట్టాడని తెలిస్తే విద్యార్థులు వూరుకుంటారా?

ఆ కుక్కపిల్లను దసరాకి మాకు అంటగట్టింది కూడా మామయ్యే. నల్లగా, గుండ్రంగా వుంటే మా అమ్మాయి ‘మిరియం’ అని పేరు పెట్టింది. పేరుకు తగ్గ ఘాటు మాకు నెల తిరక్కుండానే తెలిసింది. మొదట బజారునుంచి తొమ్మిది వందలు పోసి స్పాంజి పరుపు తెచ్చాం. తెల్లారేసరికి నరసరావుపేటలో మా యింటి హాలు దూదేకులవారి పందిరిలా వుంది. తరువాత ప్లాస్టిక్ బుట్ట. దాని అంచులు వారంలో రంపపు పళ్ళయినాయి. ఆ తరువాత గోనెపట్టా. అది మూడు రోజులకు పీచయింది. ‘డబ్బు తగలేయకండిరా, నేను కుట్టిస్తాను’ అని మా అమ్మ కళ్ళజోడు తుడుచుకుని బొంత కుట్టడానికి కూర్చుంది.

బొంత అంటే మన యిళ్ళలో తెలియనివారు లేరు. పాతచీరలు పొరలు పొరలుగా పరిచి, దగ్గర దగ్గరగా కుట్టు వేస్తే పదేళ్ళయినా చెక్కుచెదరదు. అమ్మ తన నేత చీరలు రెండు వేసింది. మధ్య పొరగా మా నాన్నగారి పంచె వేసింది. నాన్నగారు పోయి ఆరేళ్ళయింది. ఆ పంచె పెట్టెలో వుందన్న సంగతే నాకు తెలియదు.

నాలుగో రోజున మిరియం అన్నం ముట్టలేదు. నీళ్ళు తాగినా కక్కుకుంది. మర్నాటికి తోక కూడా ఆడించలేదు. పశువుల డాక్టరుగారు పొట్ట తడిమి, ఫోటో తీసి, ‘మాస్టారూ, బట్ట గాని నారగాని మింగిందా?’ అన్నారు. గుడ్డ ముక్క కంటే దారం ప్రమాదమట. దారం ఒక కొస ఎక్కడో చిక్కుకుంటే, పేగు తన పని తాను చేసుకుంటూ ఆ దారం వెంట ముడుచుకుంటూ పోతుందట. పావడా బొందు లాగితే కుచ్చులు పడినట్టు పేగుకు కుచ్చులు పడతాయి. ఆ దారం పేగును కోసేయవచ్చు కూడా. ఆ రాత్రే కడుపు కోసి జానెడు నూలు పీలిక తీశారు. తెల్లగా వుంది. అది పంచెదని నాకూ తెలుసు, అమ్మకూ తెలుసు. ఇద్దరం ఆ మాట అనుకోలేదు.

కుక్క బతికింది. ఖర్చు చెబితే మీరు నవ్వుతారు. ఆ డబ్బుతో మనుషుల పరుపులు రెండు వచ్చేవి.

డాక్టరుగారు యింకో మాట చెప్పారు. కుక్కపిల్లకు పాలపళ్ళు యిరవై ఎనిమిది. మూడో నెల దాటాక అవి రాలడం మొదలై, ఆరేడు నెలలకల్లా నలభై రెండు పళ్ళు వచ్చేస్తాయి. అంతవరకూ చిగుళ్ళు దురదపెడతాయి, నమలక మానదు. పళ్ళొచ్చాక కూడా తోచకపోతే నములుతుంది, యింట్లో వొంటరిగా వదిలితే నములుతుంది. ‘కొట్టి మాన్పించలేరు, మింగినా ప్రాణం పోని పక్క చూడండి’ అన్నారు. అది యెక్కడ దొరుకుతుందో మాత్రం చెప్పలేదు.

కుట్లు మానాక మా తమ్ముడి కారులో మిరియాన్ని వేసుకుని బయలుదేరాను. వినుకొండ దాకా నాకు అలవాటైన దారే. జాషువా పుట్టిన వూరు కాబట్టి, ఆ కొండ కనబడగానే తెలుగు మాస్టర్ల చేతులు వాటంతట అవే జోడించుకుంటాయి. వినుకొండ దాటి బొల్లాపల్లి దారి పట్టాక భూమి రంగు మారుతుంది. పడమటివైపు నల్లమల నీలంగా అడ్డం పడుకుని వుంటుంది. ఊళ్ళ పేర్లు కూడా అడవి వాసన వేస్తాయి. యీ మండలంలోనే గండిగనుమల అని ఒక వూరుంది. ఒక్క పేరులో గండీ కనుమా రెండూ వినిపిస్తాయి. కొండకు దారి వున్నదని రెండుసార్లు చెప్పుకున్నారన్నమాట. 2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా యేర్పడ్డాక యీ వూళ్ళ చిరునామాలో గుంటూరు పేరు పోయింది గాని, కాయ అమ్ముడుపోయే యార్డు మాత్రం నేటికీ గుంటూరే.

మాఘమాసంలో ఆ పొలాలు చూడాలి. కల్లాల్లో యెర్ర తివాచీలు పరిచినట్టు మిరపకాయలు. తండాలనుంచి వచ్చిన లంబాడీ స్త్రీలు వరసగా కూర్చుని తాలుకాయలు యేరుతుంటారు. గాలి అటు తిరిగితే చాలు, కొత్తవాడికి తుమ్ములు. మా మిరియం కారు దిగీ దిగగానే పదకొండుసార్లు తుమ్మింది. మా అత్తయ్య లెక్కపెట్టి నవ్వింది.

అదే మా అత్తయ్యకు ఆలోచన తెప్పించింది. ‘నాయనా, కాయ మోసిన గోతాం పరిచి చూడు. నోరు పెడితే ఒట్టు’ అంది. కాయలు నింపిన గోతాన్ని అక్కడివాళ్ళు టిక్కీ అంటారు. ఖాళీ టిక్కీ ఒకటి నాలుగుసార్లు దులిపి వసారాలో పరిచాను. నిజంగానే కుక్క దాన్ని కొరకలేదు. నా సంతోషం పట్టలేక యింటికి ఫోను కూడా చేశాను. ఫోను పెట్టేసరికి మిరియం ముందుకాళ్ళతో మొహం రుద్దుకుంటోంది. కళ్ళు యెర్రబడి నీళ్ళు కారుతున్నాయి. మామయ్య పొలంనుంచి వచ్చి చూశాడు.

‘ఒరే, దానిమీద నువ్వు పడుకుంటావా?’ అన్నాడు. అంతే. మళ్ళీ మాట్లాడలేదు. బిందెడు నీళ్ళు తెచ్చి ఇద్దరం దాని కళ్ళు కడిగాం. పాదాలకు సబ్బు పెట్టి కడిగాం. మిరపకారం నీళ్ళకు లొంగదు కదా. చిలకలు పండుమిరపకాయ హాయిగా తింటాయి, పక్షులకు ఆ కారం తగలదు. పాలిచ్చే జంతువులకు సాధారణంగా తగులుతుంది. యిన్నేళ్ళు చదువుకున్నవాణ్ణి, అది నాకు గోతాం పరిచే ముందు గుర్తు రాలేదు.

సాయంత్రం మంద తోలుకుని వస్తూ ఒక గొర్రెల కాపరి మామయ్యతో మాట్లాడడానికి ఆగాడు. అరవై దాటిన మనిషి. ఆయన కుక్క ఒకటి దుమ్ములోనే చుట్టుకుని పడుకుంది. ‘పెద్దాయనా, గొంగడి పరిస్తే ఆగుతుందా?’ అని అడిగాను. ఆయన నవ్వాడు. మన నెల్లూరు జాతి గొర్రెకు వున్నది జుట్టే గాని వున్ని కాదు. గొంగడి కావాలంటే నల్లగొర్రెలున్న సీమలనుంచి రావలసిందే. ‘అంత పెట్టి కొని దీని నోట్లో పెడతారా పంతులుగారూ’ అన్నాడు.

తరువాత ఆయన చేసిన పని నేను మరిచిపోలేను. భుజంమీది తువ్వాలు కొస వేలాడదీశాడు. మిరియం లటుక్కున పట్టుకుంది. మెల్లగా విడిపించి, అదే తువ్వాలును రెండు మోకాళ్ళకూ బిగదీసి అంచులు కింద దోపుకున్నాడు. మిరియం మీద పడింది. పళ్ళు జారాయి. పక్కకు తిరిగి పట్టబోయింది, మళ్ళీ జారాయి. నాలుగుసార్లు చూసి విసుగు పుట్టి వూరుకుంది. ‘అంచు దొరికితేనేనయ్యా కుక్కకు బలం’ అన్నాడాయన.

మా నాలుగు పక్కలకూ అంచులున్నాయి! పరుపుకు కుట్టు, బుట్టకు అంచు, గోనెకు కొస, బొంతకు నాలుగు మూలలు.

మామయ్య పశువుల కొట్టంలో నా చిన్ననాటి మంచం ఒకటి వుంది. నులక సాగి మధ్య గొయ్యి పడిన కుక్కిమంచం. నులక అంతా కోసి పారేశాం. అదీ నారే, మాకు పనికిరాదు. ఊళ్ళోని వడ్రంగి తుమ్మపట్టెలను మూడడుగులకు, రెండడుగులకు కోసి, కోళ్ళను జానెడెత్తుకు తగ్గించాడు. కోళ్ళకు ఇనపగొట్టం ముక్కలు తొడిగాడు. వినుకొండలో లారీ పరదాలు కుట్టేచోట పాత కాన్వాసు ముక్క దొరికింది. మూడుసార్లు వుతికి ఆరేసి, పట్టెల మీదుగా తిప్పి కిందికి లాగి, కింద చెక్కబద్దలు పెట్టి మేకులు కొట్టాడు. వేలితో కొడితే డప్పులా మోగింది. పైన కుట్టు లేదు, కొస లేదు. కాన్వాసుకు మూడు వందల యాభై, వడ్రంగికి రెండు వందలు. కుక్కిమంచం కుక్కమంచం అయిందని నేనంటే మామయ్య నవ్వలేదు. మా మాస్టర్లకు అలవాటే.

పళ్ళకు కూడా పని కావాలి గదా. గట్టి రబ్బరు బొమ్మ ఒకటి కొన్నాం. బొటనవేలి గోరుతో నొక్కితే కొంచెమైనా లొంగాలి, లొంగకపోతే దాని పళ్ళు విరుగుతాయని డాక్టరుగారి లెక్క. చల్లటి కేరెట్టు ముక్క ఒకటి రోజూ యిస్తాం. ఆదివారం ఆదివారం మంచం తిరగేసి కాన్వాసు చూస్తాను. ఎక్కడైనా దారం లేస్తే ఆ గుడ్డ మార్చేయడమే.

కొల్లేటి వైపు జొనంగి జాతి కుక్కలున్నాయి. అవి నేల తవ్వి, ఆ గుంటలోనే పడుకుంటాయని ప్రసిద్ధి. వాటి యజమానులకు యీ బాధలేమీ వుండవు కాబోలు.

మంచం యింటికి తెచ్చిన రాత్రి మిరియం దాని చుట్టూ తిరిగింది. ఒక మూల వాసన చూసింది. నోరు తెరిచి పట్టెమీద ప్రయత్నించింది, జారింది. మరో మూల చూసింది. చివరికి మంచం కిందికి దూరి పడుకుంది. అమ్మ తలుపు దగ్గర నిలబడి అంతా చూసి, ‘చలి వేస్తుందేమోరా’ అంది. ఆమె చేతిలో బొంత వుంది. చిరిగినచోట ఎర్రగుడ్డ అతుకు వేసి వుంది. ఆ అతుకు ఎప్పుడు వేసిందో నాకు తెలియదు. ‘నేను దగ్గర కూచుంటాను, నిద్రపోయాక తీసేస్తాను’ అంది. నేను కాదనలేదు.

వారం రోజులు అలాగే కింద పడుకుంది. ఎనిమిదో రోజు ఉదయం చూస్తే మంచం మీద, నాలుగు కాళ్ళూ చాచి. కాన్వాసు చెక్కుచెదరలేదు. కాలేజీకి వెళ్ళబోతూ నా యెడమకాలి చెప్పు వెతికితే మంచం కింద దొరికింది, సగం.