పాత జీపుకు డీజిల్ ఇంజను

నల్లమల లోపలి మా చెంచు గూడేలకు బస్సు రాదు. పురిటినొప్పులొచ్చినా, పాము కరిచినా జీపే దిక్కు. మా దారిలో తిరిగే పాత పెట్రోలు జీపుకు మార్కాపురం షెడ్డులో డీజిల్ ఇంజను ఎక్కిస్తుంటే సెలవుల్లో మూడు రోజులు దగ్గరుండి చూశాను. పాత గేరుబాక్సు దానికి కలవలేదు. తగిన గేరుబాక్సు, క్లచ్చు తెచ్చారు. బరువు పెరుగుతుందని ముందు కమాన్లు గట్టివి వేశారు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం అనుమతి తీసుకుని ఆర్.సి.లో కూడా రాయించారు.

డీజిల్ ఇంజనుకు స్పార్కు ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. నిదానంగా తిరుగుతూనే బలమిస్తుంది. రాళ్ల ఎత్తులు ఒకటో గేరులో ఎక్కేస్తుంది.

ఒత్తిడి, వేడి మనం బడిలో చెప్పే పాఠాలే. ఆ షెడ్డులో మాత్రం మన పిల్లవాడు ఒక్కడూ లేడు. టీచర్లు పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లాలి. అడవిలో జీపు ఆగితే బాగుచేసేవాడు గూడెంలోనే ఉండాలి.